లోపలి చెవి దెబ్బతిన్నాక తల తిరుగుడుతో నా అనుభవం

నాకు వచ్చింది చెవి జబ్బని తెలియడానికే కొంతకాలం పట్టింది. చెవిలో నొప్పి లేదు, చీము లేదు, వినికిడి ఎప్పటిలాగే ఉంది. అందువల్ల మా అత్తగారు పైత్యమన్నారు, పక్కింటి పిన్నిగారు బీపీ పడిపోయి ఉంటుందన్నారు, హైదరాబాద్ మలక్‌పేటలో మా ఇంటికి దగ్గరున్న ఒక క్లినిక్‌లో మెడ నరాలు నొక్కుకుపోయాయని చెప్పి మెడకు పట్టీ, వికారం తగ్గడానికి మాత్రలు ఇచ్చి పంపించారు. ఆ పట్టీ పెట్టుకుని తలను అటూ ఇటూ కదపకుండా రోజుల తరబడి కూర్చోవడమే నాకు ఎక్కువ చెరుపు చేసిందని తరువాత తెలిసింది.

ఒక మోస్తరు జలుబు చేసి తగ్గిన కొద్ది రోజులకు, తెల్లవారుజామున లేచి కూర్చోగానే గది మొత్తం ఒకే దిక్కుకు తిరగడం మొదలైంది. కళ్ళు మూసుకున్నా ఆ తిరుగుడు ఆగలేదు. గోడ పట్టుకుని స్నానాలగదికి వెళుతుంటే శరీరం ఎడమవైపుకే ఒరిగిపోయేది, మంచినీళ్ళు తాగినా వాంతి అయ్యేది. తీవ్రత తగ్గాక కూడా నడకలో తూలు, వికారం వదలకపోవడంతో మావారు నన్ను చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళారు.

ఆ డాక్టరుగారు మందుచీటీ జోలికి పోకుండా చాలాసేపు ప్రశ్నలే అడిగారు. స్పృహ తప్పేలా ఉంటోందా, లేక చుట్టూ ఉన్నవి తిరుగుతున్నాయా, తిరుగుడు క్షణాల్లో ఆగుతోందా, గంటల తరబడి ఉంటోందా, చెవిలో హోరు వినిపిస్తోందా, వస్తువులు రెండుగా కనిపించాయా, మాట తడబడిందా అని ఒక్కొక్కటే విచారించారు. తరువాత నా తలను రెండు చేతులతో పట్టుకుని, తన ముక్కు మీదనుంచి చూపు మరల్చవద్దని చెప్పి, తలను ఒక్కసారిగా కొద్దిగా పక్కకు తిప్పారు. కుడివైపు తిప్పినప్పుడు నా చూపు ఆయన ముక్కు మీదే నిలిచింది. ఎడమవైపు తిప్పినప్పుడు మాత్రం కళ్ళు తలతోపాటు పక్కకు జారి, మళ్ళీ గబుక్కున వెనక్కి వచ్చాయి. ఎడమ చెవినుంచి మెదడుకు సమతౌల్య సమాచారం తీసుకువెళ్ళే నరం వాచిందని, దీన్ని వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అంటారని, తరచుగా వైరస్ సోకడమే దీనికి కారణమని భావిస్తారని ఆయన వివరించారు.

ప్రతి చెవి లోపలా ద్రవంతో నిండిన మూడేసి సన్నని వంపు గొట్టాలు, ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరి ఉంటాయి. తల తిరిగినప్పుడల్లా వాటిలోని ద్రవం కదలికను బట్టి రెండు చెవులూ మెదడుకు వార్త పంపుతాయి. తల నిశ్చలంగా ఉన్నప్పుడు రెండు వైపులనుంచీ సమానమైన సంకేతాలు అందుతాయి. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కూలబడితే బండి పక్కకు తిరిగిపోయినట్టు, ఒక వైపు సంకేతాలు పడిపోగానే మెదడు తల తిరుగుతోందని పొరబడుతుంది. ఆ పొరపాటు లెక్కకు తగ్గట్టు కళ్ళు కదలడంవల్ల గది తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, కడుపులో తిప్పుతుంది.

పరీక్షలలో నాకు బాగా గుర్తున్నది చెవిలో నీళ్ళు పోసేది. శరీరపు వేడికంటే 7 డిగ్రీలు తక్కువగా, 7 డిగ్రీలు ఎక్కువగా, అంటే 30, 44 డిగ్రీల సెల్సియస్ నీటిని చెవిలోకి పంపి, కళ్ళద్దాల వంటి కెమెరాతో కనుగుడ్ల కదలికను గమనిస్తారు. ఈ పద్ధతికి మూలమైన పరిశోధన చేసిన రాబర్ట్ బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. కుడి చెవిలో నీళ్ళు పడగానే నేను పడుకున్న బల్ల గిర్రున తిరిగినట్టయి వాంతికి వచ్చినంత పని అయింది. ఎడమ చెవిలో పోసినప్పుడు చల్లదనం తెలిసింది తప్ప మరేమీ జరగలేదు. తల తిరగకపోతే సంతోషించాలి కదా అనుకున్నాను గాని, ఆ తిరగకపోవడమే జబ్బుకు సాక్ష్యమట.

తిరుగుడును అణచే మాత్రలు మొదటి రెండు మూడు రోజులకే మంచివని, అంతకుమించి వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుందని చెప్పి డాక్టరుగారు క్లినిక్‌లో ఇచ్చిన ప్రొక్లోర్‌పెరజైన్ మాత్రలు మాన్పించారు, మెడ పట్టీ తీయించారు. దెబ్బతిన్న నరం పూర్తిగా కోలుకోకపోయినా, మిగిలిన చెవి, కళ్ళు, పాదాలు ఇచ్చే సమాచారంతో మెదడు కొత్త లెక్క వేసుకోగలదని, అయితే కదిలితేనే ఆ పని సాగుతుందని అన్నారు. అప్పటివరకు తల తిరగకుండా ఉండడమే వైద్యమనుకుంటూ వచ్చిన మా ఇంటికి ఇది తలకిందులుగా వినిపించింది.

ఫిజియోథెరపీ నేర్పిన అమ్మాయి వయసులో చాలా చిన్నది, పట్టుదలలో పెద్దది. “తిరుగుతోందమ్మా, ఆపేస్తాను” అంటే, “కొంచెం తిరగనివ్వండి మేడమ్, తిరిగితేనే మెదడుకు తెలుస్తుంది” అనేది. గోడమీద కళ్ళ ఎత్తులో ఒక అక్షరాన్ని అంటించి, చూపు దానిమీదే నిలిపి, అక్షరం చెదరనంత వేగంతో తలను కుడి ఎడమలకు, తరువాత పైకి కిందికి ఆడించడం ప్రధానమైన అభ్యాసం. ఇంట్లో నేను తెలుగు క్యాలెండర్‌లోని పెద్ద తేదీ అంకెను వాడుకున్నాను. మొదట్లో ఆ అంకె రెండంకెలై వణికేది, నోట్లో నీళ్ళూరేవి. వికారం ఒక మోస్తరుగా వచ్చి కాసేపటికి తగ్గిపోతే అభ్యాసం సరైన మోతాదులో ఉన్నట్టని, గంటల తరబడి మంచాన పడేస్తే మోతాదు ఎక్కువైనట్టని ఆమె ఒక కొలత చెప్పింది. తరువాత మడిచిన బొంత మీద పాదాలు దగ్గరగా పెట్టి నిలబడడం, తల పక్కలకు తిప్పుతూ వరండాలో నడవడం చేయించింది. కళ్ళు మూసుకుని నిలబడే అభ్యాసానికి మావారు పక్కన ఉండాలన్నది ఆమె షరతు.

ఆహారం విషయంలో చెప్పడానికి పెద్దగా లేదు. కడుపు నిండా ఒకేసారి తినకుండా కొద్దికొద్దిగా తిన్నాను, అల్లం కలిపిన పలచని మజ్జిగ కడుపులో నిలిచింది. ఉప్పు, ఊరగాయ మానేయమని బంధువులు పోరుపెట్టారు. ఉప్పు తగ్గించమనేది సాధారణంగా మెనియర్ జబ్బు ఉన్నవారికి చెప్పే మాట. 1861లో ప్రాస్పర్ మెనియర్ అనే ఫ్రెంచి వైద్యుడు తొలిసారిగా లోపలి చెవితో ముడిపెట్టిన ఆ జబ్బులో వినికిడి హెచ్చుతగ్గులవుతుంది, చెవిలో హోరు, బిగువు ఉంటాయి. నాకు అవేవీ లేవు కాబట్టి ఆవకాయ జోలికి ఎవరినీ రానివ్వలేదు.

నారాయణగూడలో ఒక ఆడిటర్‌గారి కార్యాలయంలో లెక్కలు చూడడం నా ఉద్యోగం. తిరిగి చేరినప్పుడు కంప్యూటర్ తెరమీద అంకెల వరుసలు పైకి జరుగుతుంటే బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంత వికారం కలిగేది. వరుసలను జరపకుండా పేజీ తరువాత పేజీ చూడడం అలవాటు చేసుకున్నాను. మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్ దగ్గర రైలు మారేటప్పుడు ఎదురుగా వచ్చే జనం, కదిలే మెట్లు రెండూ కలిసి తూలు తెప్పించేవి. అందుకని జనం పలచబడ్డాక బయలుదేరి, కదిలే మెట్ల చారలను కాకుండా పైన కదలని బోర్డును చూస్తూ వెళ్ళేదాన్ని. అంతా సద్దుమణిగే వరకు స్కూటీ తాళం మావారి దగ్గరే ఉంది.

నడక కుదుటపడ్డాక వేరే రకం తిరుగుడు వచ్చింది. ఎడమవైపు ఒత్తిగిలినా, దండెం మీద బట్టలు వేయడానికి తల పైకెత్తినా గది గిర్రున తిరిగి, నిమిషం లోపే ఆగిపోయేది. పాత జబ్బే తిరగబెట్టిందని ఇంట్లో అందరూ బెంబేలెత్తారు. నిజానికి ఇది బీపీపీవీ అనే వేరే జబ్బు. లోపలి చెవిలో ఉండవలసిన సన్నని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు చోటు తప్పి వంపు గొట్టంలోకి జారడంవల్ల ఇది వస్తుంది, న్యూరైటిస్ తరువాత ఇలా జరగడం వింత కాదు. డాక్టరుగారు నా తలను ఎడమవైపు 45 డిగ్రీలు తిప్పి, బల్ల అంచు దాటి వేలాడేలా వెనక్కి పడుకోబెట్టి, నా కళ్ళ కదలిక చూసి నిర్ధారించారు. వెంటనే ఎప్లీ పద్ధతిలో తలను, ఒంటిని వరుసగా తిప్పుతూ ఒక్కో భంగిమలో కొంతసేపు ఉంచి, చివరికి లేపి కూర్చోబెట్టారు. మందు లేదు, సూది లేదు. అయితే ఏ చెవి, ఏ గొట్టం అన్నది తేలాకే ఇది చేయాలి కాబట్టి వీడియోలు చూసి మొదలుపెట్టడం మంచిది కాదు.

ప్రతి తిరుగుడూ చెవిదే కానక్కరలేదు. దానితోపాటు మాట ముద్దగా రావడం, మూతి వంకరపోవడం, ఒక పక్క చేయి కాలు పట్టుతప్పడం, చూపు రెండుగా కనిపించడం, కూర్చోవడానికి కూడా నిలకడ లేకపోవడం వంటివి ఉంటే అది పక్షవాతం కావచ్చు. అప్పుడు 108కి ఫోన్ చేసి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అటువంటి లక్షణాలు లేకుండా తిరుగుడు వదలకపోతే, చెవి, ముక్కు, గొంతు వైద్యానికే ప్రత్యేకించిన ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి మన నగరంలో కోఠిలో ఉంది.

నాకు ఇప్పటికీ చీకట్లో ఎగుడుదిగుడు నేలమీద అడుగు తడబడుతుంది. కరెంటు పోయినా దారి కనిపించేలా మేడమెట్ల దగ్గర బ్యాటరీ దీపం పెట్టించుకున్నాం. జ్వరం వచ్చినా, నిద్ర చాలకపోయినా పాత తూలు కాస్త తల ఎత్తుతుంది. అలాంటప్పుడు మాత్రల డబ్బా తీయకుండా, క్యాలెండర్ ముందు నిలబడి ఆ అభ్యాసమే మళ్ళీ కొన్నాళ్ళు చేస్తున్నాను.