మావయ్య రైఫిల్ పుట్టిన కాలం

ఎన్నికల ముందు పోలీసు స్టేషన్‌లో అప్పగించిన లైసెన్సు తుపాకులను తిరిగి ఇచ్చేశారట. నూనె పట్టించి బీరువాలో పెట్టేలోగా వచ్చి చూసుకోమని బొబ్బిలి నుంచి మావయ్య ఫోను చేశారు. పొద్దున్నే విజయనగరంలో బస్సు ఎక్కాను. ఈ రైఫిల్‌ను పగటి వెలుతురులో, తొందర లేకుండా చూడాలని నాకు ఎంతో కాలంగా కోరిక.

ముందు మీటను కిందికి తోసి, లోపల తూటా లేదని ఇద్దరం చూసుకున్నాం. ట్రిగర్‌ను చుట్టి ఉండే ఆ మీటలోనే ఈ రకం తుపాకీ పనితనమంతా ఉంది. కిందికి తోస్తే కాల్చిన తూటా తొడుగు పైకి ఎగిరిపోతుంది, మళ్లీ దగ్గరికి లాగితే కొత్త తూటా వచ్చి కూర్చుంటుంది. మిగతా తూటాలు ప్రధాన గొట్టం కింద ఉన్న సన్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అందుకే దీనికి మొన తేలిన గుండ్లు పనికిరావు. వెనక ఉన్న దాని మొన ముందున్న తూటా అడుగుకు తగిలి, అదురుకు లోపలే పేలవచ్చు.

గొట్టం మీద వించెస్టర్ కంపెనీ పేరు, అది ఉన్న అమెరికా ఊరు న్యూ హేవెన్ పేరు, 1894 ఆగస్టు 21 అన్న తేదీ ఉన్నాయి. ఆ తేదీ చూపించే మావయ్య ఇన్నాళ్లూ కథ చెబుతూ వచ్చారు. ఎవరో దొర వేటకు వస్తే ముత్తాత తోడు వెళ్లారని, ఆయన ధైర్యానికి మెచ్చి దొర దీన్ని బహుమతిగా ఇచ్చాడని. కానీ అది పేటెంటు తేదీ. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ మోడల్‌కు హక్కు దక్కిన రోజు. తరువాత ఎన్నో ఏళ్లు తయారైన వాటి మీద కూడా అదే తేదీ ముద్రించారు.

భూతద్దం పెట్టి వెతికితే గొట్టం మొదట్లో కోడిగుడ్డు ఆకారపు గీత మధ్య డబ్ల్యూ, పీ అక్షరాలు కనిపించాయి. గొట్టం పేలుడు ఒత్తిడికి తట్టుకుంటుందని పరీక్షించి కొట్టే ఈ సొంత ముద్రను కంపెనీ 1905లో మొదలుపెట్టింది. అంటే అంతకు ముందుది కాదు. కొంచెం అవతల ‘నాట్ ఇంగ్లిష్ మేక్’ (ఇంగ్లండు తయారీ కాదు) అన్న ముద్ర. బయటి దేశపు తుపాకులను పరీక్షించి బ్రిటన్‌లో కొట్టేది ఇది. అమెరికాలో పుట్టి, బ్రిటన్‌లో పరీక్షకు నిలిచి, అక్కడి నుంచి మన వైపు వచ్చిందన్నమాట. ఇది చూసినప్పుడు నా సంతోషం ఇంతా అంతా కాదు.

అసలు సంగతి రైఫిల్ వరస నంబరు తేల్చింది. మీటకు ముందు, అడుగు భాగంలో ఉంటుంది. తొమ్మిదితో మొదలయ్యే ఆరంకెల సంఖ్య. ఈ మోడల్‌లో పది లక్షలవ రైఫిల్‌ను 1927లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కు బహూకరించారు. మనది దానికి కొద్దిగా ముందుది, 1920ల నాటిది. తొలి మూడున్నర లక్షల రైఫిళ్ల ఫ్యాక్టరీ చిట్టాలే అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ తుపాకుల మ్యూజియంలో ఉన్నాయి కనుక, మన దాని గురించి అక్కడ అడిగే వీలు లేదు.

ముత్తాత పోయింది 1911లో. పటం వెనక రాసి ఉంది. మావయ్య ఆ పటం వైపు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే మా నాన్నే కొన్నారంటావా?” అన్నారు.

నాకూ అలాగే తోస్తోంది. తాతయ్యది గోగునార వ్యాపారం. తన గురించి ఒక్క గొప్పా చెప్పుకోని మనిషి. దొర బహుమతి కన్నా, నార అమ్మిన డబ్బుతో ఆయన ఇష్టపడి కొనుక్కున్నారంటేనే నాకు ఎక్కువ గౌరవంగా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయాక ఈ ఇంట్లో ఎవరూ దీన్ని పేల్చలేదు. అయినా ఏటా నూనె పట్టించే అలవాటు తాతయ్య నుంచే వచ్చిందని మావయ్య చెప్పారు.

రుజువు మాత్రం కావాలి. 1878 నాటి ఆయుధాల చట్టం కింద అప్పట్లో ఇచ్చిన లైసెన్సు కాగితం, కొన్న రసీదు, ఏది దొరికినా చాలు. తాతయ్య నార లెక్కల పుస్తకాలు అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నాయట. రేపు మనిషిని పిలిచి దింపిస్తానని అత్తయ్య అంది. 1920 నుంచి మొదలుపెట్టి చూడమని చెప్పి వచ్చాను.