ఇది ఆస్తి వీలునామా కాదండీ

నాన్న పోయిన ఏడాదిన్నరకి, ఓ ఆదివారం గోంగూర ఒలుస్తూ అమ్మ అంది: "నన్ను మాత్రం ఆ గొట్టాల్లో పెట్టకండే." నేను విననట్టే ఊరుకున్నాను. మళ్లీ అంది. "కాగితం మీద రాసిస్తాను. అప్పుడైనా వింటారా?"

నాన్నకి 2021 చివర్లో బ్రెయిన్ స్ట్రోక్. పదహారు రోజులు వెంటిలేటర్ మీదే. పదో రోజుకే డాక్టరుగారు పక్కకి పిలిచి, ఇక లాభం లేదమ్మా అన్నారు. మరి ఆపేయండి అంటే, మేం ఆపలేం, మీరే తీసుకెళ్లాలి అన్నారు. దానికో ఫారం ఉంది, ఆసుపత్రుల్లో లామా అంటారు. డాక్టర్ల సలహా కాదని మా ఇష్టం మీద తీసుకెళ్తున్నాం, ఏం జరిగినా మాదే బాధ్యత అని రాసి ఉంటుంది. లాభం లేదన్నది ఆయన, ఆయన మాట కాదన్నట్టు సంతకం పెట్టింది నేను. అంబులెన్సులో దారి పొడుగునా ఓ కుర్రాడు చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుతూనే ఉన్నాడు. ఇంటికి చేరి నాన్నని మంచం మీదకి మార్చాక, ఆపమంటారా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

అప్పటికే ఈ దేశంలో దీనికో పద్ధతి ఉందని నాకు తర్వాత తెలిసింది. గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగంలో జీవించే హక్కు గురించి చెప్పే ఆర్టికల్ 21 కిందకొచ్చే హక్కేనని 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోలుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే చెప్పే కాగితం, అంటే లివింగ్ విల్, స్పృహలో ఉండగానే రాసుకోవచ్చంది. కానీ ఆ కాగితం మీద ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ సంతకం కావాలి. అవసరం వచ్చిన రోజున ఆసుపత్రి బోర్డు, ఆ పైన కలెక్టర్ వేసే బోర్డు, వాటిలో 20 ఏళ్ల అనుభవం ఉన్న డాక్టర్లు, చివరికి మెజిస్ట్రేటే స్వయంగా వచ్చి రోగిని చూడటం! ఇవన్నీ అయ్యేదాకా ఎవరు ఆగుతారు? 2023 జనవరి 24న కోర్టే వీటిని చాలావరకు సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలు.

అమ్మ కోసం నేను రాసిన మొదటి ముసాయిదాలో "కోలుకునే ఆశ లేకపోతే వెంటిలేటర్ వద్దు" అని ఉంది. మా ఫ్యామిలీ డాక్టరుగారు చదివి అమ్మనే అడిగారు. "న్యుమోనియా వచ్చిందనుకోండి. నాలుగు రోజులు మెషీన్ పెడితే మళ్లీ లేచి తిరుగుతారు. అదీ వద్దా?" అమ్మ కాసేపు ఆలోచించి, "లేచి వంట చేసుకునేట్టయితే పెట్టండి" అంది. దాంతో సగం కాగితం మారిపోయింది. కొన్నాళ్లు పెట్టి చూడొచ్చు, మార్పు లేకపోతే తీసేయాలి, నొప్పి తెలియకుండా మందులు మాత్రం ఆపకూడదు అని రాశాం. డయాలసిస్ మాత్రం వద్దే వద్దంది.

డాలస్‌లో ఉన్న అన్నయ్యకి ఫోన్లో చదివి వినిపించాను. "ఇది చంపడం కాదా?" అన్నాడు. ప్రాణం పోయేలా ఇంజెక్షన్ ఇవ్వడం ఇప్పటికీ నేరమే, ఇది వైద్యం ఆపడం మాత్రమే అని చెప్పాను. "రేపు నువ్వే తొందరపడితే?" అన్నాడు. చివుక్కుమంది గానీ ఆ ప్రశ్న న్యాయమైనదే. వైద్యం చేస్తున్న డాక్టరూ, మరో ఇద్దరు నిపుణులూ ఒక బోర్డు. జిల్లా వైద్యాధికారి పంపే డాక్టరుతో ముగ్గురి బోర్డు ఇంకోటి. వైద్యం ఆపొచ్చో లేదో రెండూ వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. ఆపే ముందు ఆసుపత్రి మెజిస్ట్రేట్‌కి తెలియజేయాలి. మన చేతుల్లో అంత లేదురా అన్నాను.

అమ్మ తరఫున నిర్ణయం చెప్పేవాళ్లుగా ఒకరికంటే ఎక్కువమందిని రాయొచ్చు. అమ్మ అన్నయ్య పేరు ముందు పెట్టమంది. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది, దగ్గరుండి చూసేది నేనైతే! "నీ పేరు రెండోది పెట్టవే. ఒకసారి తల ఊపావు, చాలు" అంది.

సాక్షులకి ఇబ్బంది కాలేదు. పక్కింటి మాస్టారు, అమ్మతో రోజూ గుడికొచ్చే ఆవిడ. తంటా అంతా నోటరీ దగ్గర. కాగితం చూడగానే "ఆస్తి వివరాలేవమ్మా? సర్వే నంబర్లు?" అన్నాడాయన. ఇది ఆస్తి వీలునామా కాదండీ అని 2023 ఉత్తర్వు ప్రింట్ తీసి చూపించాను. చదివాడు, తిరిగిచ్చేశాడు. చావు కాగితం మీద తన సీలు వేయనన్నాడు. చివరికి మాస్టారే తనకి తెలిసిన ప్రభుత్వ జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన అమ్మని నాలుగు ప్రశ్నలడిగి, ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టారు. "చావడానికీ గెజిటెడ్ సంతకమే!" అని అమ్మ ఆటోలో ఒకటే నవ్వు.

ఒక కాపీ స్థానిక సంస్థ అధికారి దగ్గర భద్రపరచాలి. మా మున్సిపాలిటీలో ఎవరికీ ఆ సంగతి తెలీదు. ఒకాయన జనన మరణాల సెక్షన్‌కి పంపించాడు. అక్కడున్నమ్మాయి కాగితం తిప్పి చూసి, నా పక్కన నిలబడ్డ అమ్మని చూసి, "ఈవిడ బతికే ఉన్నారు కదండీ" అంది. ముచ్చటగా మూడోసారి వెళ్లినప్పుడు ఇన్‌వర్డ్‌లో తీసుకుని ముద్ర వేశారు. లోపల ఏ బీరువాలో పెట్టారో ఆ దేవుడికే తెలియాలి. నంబరు వేసిన జిరాక్స్ నా దగ్గరుంది, ఇంకోటి డాక్టరుగారి ఫైల్లో ఉంది.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. ఎదురింటావిడ వారానికి మూడుసార్లు ఆటోలో డయాలసిస్‌కి వెళ్లొచ్చి, సాయంత్రానికి వాకిట్లో ముగ్గేస్తోందట. "మనం అది వద్దని రాశాం కదే, తీసేయించు" అంది. మార్చుకోవచ్చు, కానీ మళ్లీ సాక్షులు, మళ్లీ సంతకం, అంతా మొదటినుంచీ. ప్రిన్సిపాల్‌గారు దసరా సెలవులకి ఊరెళ్లారట. సోమవారం వస్తారు.