సొరంగంలో శనివారం

పొద్దున్నే పులిహోర కలిపి, ఫ్లాస్కులో టీ పోసుకుని ఏడింటికల్లా శాక్రమెంటోలో బయల్దేరాం. నాన్న ఊరి నుంచి వచ్చి నెలైంది, ఇంట్లో కూర్చుని విసుగెత్తిపోతున్నారు. బాబుకి సెలవులు. సియెర్రా నెవాడా కొండల్లో డానర్ కనుమ దగ్గరి పాత రైలు సొరంగం చూపించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. 1993 నుంచి అందులో రైళ్ళు తిరగడం లేదు, జనం నడిచి చూసొస్తుంటారు.

బయట ఎండ చుర్రుమంటోంది. లోపల నాలుగు అడుగులు వేశామో లేదో వణుకు పుట్టింది. పైనుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. నాన్న గోడ తడిమి, "గ్రానైటే తల్లీ, మన టెక్కలి రాయి లాంటిదే. దీన్ని చేత్తో కొట్టారా?" అన్నారు.

చేత్తోనే. 1860లలో అమెరికాని ఈ కొస నుంచి ఆ కొసకి కలిపే రైలు మార్గం కోసం చైనా కూలీలు తొలిచిన సొరంగం ఇది. ఒకడు ఇనప ఉలి పట్టుకుని తిప్పుతూ ఉంటే ఇద్దరు సమ్మెటలతో దానిమీద కొట్టేవారు. పడిన గుంతలో మందు కూరి పేల్చేవారు. రెండు కొసల నుంచీ, మధ్యలో పైనుంచి బావిలా తవ్వి అక్కడినుంచి రెండు వైపులకీ, మొత్తం నాలుగు చోట్ల రాత్రింబవళ్ళు తొలిచినా ఒక్కో చోట రోజుకి అడుగో, రెండడుగులో జరిగేది. పొడవు 1,659 అడుగులు. 1866-67 చలికాలంలో మంచు నిలువెత్తున పేరుకుపోతే, బస నుంచి పనిలోకి మంచు కిందే దారులు తవ్వుకుని నడిచారు. కొండ మీంచి జారిన మంచు కింద పూడిపోయినవాళ్ళ శవాలు మళ్ళీ ఎండాకాలం దగ్గరపడ్డాకే బయటపడ్డాయి. బాబు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సొరంగం మూతి దగ్గర బండమీద కూర్చుని టీ తాగాం. ఆ కూలీలకీ టీయే. ఖాళీ అయిన పేలుడు మందు పీపాల్లో పోసి కావడి మీద మోసుకొచ్చేవారు. కాచిన నీళ్ళు కాబట్టి, వాగు నీళ్ళు తాగే తెల్ల కూలీలకంటే వీళ్ళకి జబ్బులు తక్కువ. కానీ తిండి ఖర్చు వీళ్ళదే. తెల్ల కూలీలకి జీతంతో పాటు తిండీ, బసా కంపెనీ ఇచ్చేది. 1867 జూన్‌లో, సరిగ్గా ఇలాంటి ఎండల్లోనే, నెలకి 35 డాలర్లు కాదు 40 కావాలని, సొరంగంలో ఎనిమిది గంటలే చేస్తామని వేలమంది పని ఆపేశారు. గొడవ లేదు, కేకలు లేవు. కంపెనీ పెద్దల్లో ఒకడైన చార్లెస్ క్రాకర్ కొండమీదకి సరుకులు రాకుండా ఆపేశాడు. వారంలో సమ్మె అయిపోయింది. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. బియ్యం ఆపి గెలవడం ఏం గెలుపు?

1869 ఏప్రిల్ 28న ఒక్కరోజులో పది మైళ్ళకి పైగా పట్టాలు వేశారు. ఆ రోజు పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐరిష్‌వాళ్ళ పేర్లు ఈనాటికీ ఉన్నాయి. పక్కనే పనిచేసిన చైనావాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. జీతాల పుస్తకంలో చాలాచోట్ల గుంపు పెద్ద పేరే ఉంటుంది, డబ్బు అతని చేతికే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇక్కడా, చైనాలో వాళ్ళ ఊళ్ళున్న గ్వాంగ్‌డాంగ్‌లోనూ ఏళ్ళ తరబడి వెతికినా, ఆ రైలు కూలీ రాసిన ఒక్క ఉత్తరం, ఒక్క డైరీ దొరకలేదు. రైలు మార్గం పూర్తయిన పదమూడేళ్ళకి, 1882లో, చైనా కూలీలు ఇక రాకూడదని చట్టం చేశారు. 1943 దాకా దాన్ని తియ్యలేదు. వీసా తేదీ దగ్గరపడితే టెన్షన్‌తో నిద్రపట్టని మనిషిని, నాకు 1882, 1943 అనే ఆ రెండు అంకెలూ మర్చిపోదామన్నా మరపుకి రావు.

గుంపు పెద్ద సంగతి చెప్పగానే నాన్న, "అంటే మేస్త్రీ అన్నమాట. మా తాతా మేస్త్రీ వెంటే రంగం వెళ్ళాడు" అన్నారు. రంగూన్‌లో బియ్యం మిల్లు పని. ఇంటికి ఒక ఇత్తడి బిందె వచ్చింది, ఆయన రాలేదు. ఇన్నేళ్ళలో నాన్న నాకీ మాట చెప్పడం ఇదే మొదటిసారి.

తిరిగొచ్చేటప్పుడు బాబు గోడలో మిగిలిన ఉలి గాడిలో వేలు పెట్టి చివరిదాకా నడిపాడు. వాడి వేలు అందులో సరిగ్గా పట్టింది.

రాత్రి భోజనాలయ్యాక నాన్నని కూర్చోబెట్టి ఆ తాత పేరు, ఇంటిపేరు, ఎక్కిన రేవు అడిగి ఈ డైరీ వెనక పేజీలో రాశాను. కళింగపట్నం రేవు. ఏ సంవత్సరమో నాన్నకి తెలియదు. పెద్దత్తకి తెలుసేమో, రేపు పొద్దున ఫోన్ చెయ్యాలి.