మకోవియెత్స్ ఏడోసారి: చీలిక 6 సెంటీమీటర్లకు దిగింది

ఆదివారం ఈ గసగసాల రోల్ ఏడోసారి చేశాను. మళ్ళీ పగిలింది. కానీ ఆరోసారి పైభాగం 31 సెం.మీ. పొడుగునా విచ్చుకుపోతే, ఈసారి ఒక రోల్ కుడి చివర 6 సెం.మీ. మాత్రమే చీలింది. ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. 22వ నిమిషం దాకా నున్నగా ఉంది. 25కి సన్నటి గీత పడింది. ఏడుపూ వచ్చింది, సంతోషమూ వేసింది.

ఇది మా ఆయన వంట. మకోవియెత్స్ అంటే పోలండ్ వాళ్ళు క్రిస్మస్‌కి చేసుకునే గసగసాల రోల్. పోలండ్‌లోని తార్నూవ్‌లో మా అత్తగారు చేసినట్టే షికాగోలో మా వంటింట్లో ఏటా ఆయనే చేసేవారు, నన్ను అక్రోట్లు తరగడం వరకే రానిచ్చేవారు. నిరుడు మార్చిలో వెళ్ళిపోయారు. నిరుడు డిసెంబరులో నేను ఓవెన్ ముట్టుకోలేదు. ఈ సెప్టెంబరులో ఆయన నోటుబుక్కు తీశాను.

అందులో ఉన్నది అర పేజీ. కొలతలన్నీ డెకాల్లో, అంటే పది గ్రాములకొకటి. పిండి 50 డెకాలు, పచ్చి ఈస్ట్ 5 డెకాలు. కిస్మిస్ పక్కన పోలిష్‌లో "దొరికితే" అని ఉంది. అక్కడ 1976లో పంచదారకి రేషన్ కూపన్లు పెట్టారు, 1981లో మాంసానికీ పెట్టారు. అత్తగారు ఈ రోల్ కోసం వేసవి నుంచే పంచదార దాచేవారట. 1986లో ఈయన షికాగో వచ్చారు. మిల్వాకీ అవెన్యూ కొట్లలో కిస్మిస్ ఎంత కావాలంటే అంత దొరికేది. అయినా ఆ "దొరికితే" ఆయన కొట్టెయ్యలేదు.

గసగసాల ముద్ద మూడోసారికే కుదిరింది. ఆయన తెచ్చుకున్న చేత్తో తిప్పే కీమా మిషన్లో మూడుసార్లు తిప్పాలి, అంతే. మిక్సీలో వేస్తే గసాలు తెగుతాయి గానీ నలగవు, ఆ నూనె వాసన రాదు. డబ్బాల్లో అమ్మే రెడీమేడ్ ముద్ద జోలికి వెళ్ళకండి, చాలావాటిలో గసాల కంటే పంచదార ఎక్కువ. మన తెల్ల గసగసాలతో కూడా ఒకసారి చేశాను. రుచి బావుంది గానీ అది మకోవియెత్స్ కాదు, నీలం గసాలే కావాలి. పిండి కింగ్ ఆర్థర్ కంపెనీ మామూలుదే చాలు. ఈస్ట్ మాత్రం సాఫ్ గోల్డ్ అనే పొడి రకం. పంచదార, వెన్న ఎక్కువున్న పిండికి దాన్ని మించింది నాకు దొరకలేదు. 12 గ్రాములు వేస్తున్నాను.

ఇక చీలిక సంగతి.

ఒక్కో రోల్‌కి పిండి 480 గ్రాములు, ముద్ద 480 గ్రాములు. పిండి ఒత్తితే 34 × 32 సెం.మీ., 4 మి.మీ. మందం. ఇవి ఏ ప్రయత్నంలోనూ మార్చలేదు. మొదట ముద్దలో తడి ఎక్కువై ఆవిరికి పగులుతోందనుకున్నాను. పాలల్లో ఉడికించిన గసాలను పల్చటి గుడ్డలో రాత్రంతా వేలాడదీశాను. ముద్ద గట్టిపడింది, రోల్ పగిలింది. తర్వాత ఓవెన్ మీద అనుమానం. లోపల థర్మామీటర్ పెడితే 350 ఫారెన్‌హీట్ అని తిప్పిన చోట 375 చూపించింది. తగ్గించి కాల్చాను. పగులు పైనుంచి పక్కకి మారింది, అంతే. అతుకు కిందికి పెట్టాను. పుల్లతో పన్నెండు చోట్ల పొడిచాను. పొంగే సమయం 20 నిమిషాల నుంచి 45కి పెంచాను. 45కి కాస్త మెరుగు.

మిగిలింది కాగితం. రోల్‌ని బేకింగ్ పేపర్లో చుట్టి కాల్చాలి, రోల్‌కీ కాగితానికీ మధ్య పెరగడానికి చోటుండాలి. నోటుబుక్కులో "వేలంత సందు" అని ఉంది. ఆరుసార్లూ నా వేలు పెట్టి కొలిచాను. నా చూపుడు వేలు 14 మి.మీ.

ఆయన వడ్రంగి. చేతులు ఎలా ఉండేవో నాకు తెలియదా? అయినా ఆరుసార్లు తోచలేదు. శనివారం రాత్రి గ్యారేజీలో ఆయన పెట్టెలోంచి వెర్నియర్ కాలిపర్స్ తెచ్చి, పెళ్ళి ఉంగరం లోపలి వ్యాసం కొలిచాను. 21.4 మి.మీ. ఉంది. చాలాసేపు అది చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం ఒకే పిండితో రెండు రోల్స్ చేశాను. మొదటిదానికి నా వేలంత సందు, 27 సెం.మీ. పగిలింది. రెండోదానికి 21 మి.మీ., అదే ఈ 6 సెం.మీ.

ఆ మిగిలిన 6 ఎందుకు? కోసి చూస్తే కుడి చివర చుట్లు బిగుతుగా ఉన్నాయి, ఎడమ వైపు వదులుగా ఉన్నాయి. నా కుడి చెయ్యి గట్టిగా లాగుతోంది. ముద్దలో వేసే నాలుగు గుడ్ల తెల్లసొన కూడా పొంగుతుందేమో, మూడే వేసి చూడాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు కనుక వచ్చేసారి ముందు చుట్టడం సరిచేస్తాను.

ఫోన్లో ఇదంతా చెబితే మా అమ్మాయి "నాన్న, నేనూ చెరో వైపు పట్టుకుని చుట్టేవాళ్ళం కదమ్మా" అంది. నేనెప్పుడూ గమనించలేదు. ఆ పిల్ల నాతో నాన్న అంటుంది గానీ, ఆయన్ని పోలిష్‌లో "తాతా" అనేది. వాళ్ళ భాషలో నాన్నే. తెనాలిలో మా అమ్మ మొదటిసారి విని, తండ్రిని పట్టుకుని తాత అంటుందేమిటే అని కంగారు పడింది. ఆయనకి తర్జుమా చేసి చెబితే, ఆ తర్వాత మా అమ్మతో ఎప్పుడు మాట్లాడినా "తాతని మాట్లాడుతున్నానండీ" అనే మొదలుపెట్టేవారు.

క్రిస్మస్ ముందురోజు, 24 రాత్రికి పన్నెండు వంటకాలు కావాలి, మాంసం లేకుండా. లోపల కూరి ఉడికించే పిరోగీలు నాకొచ్చు, బార్ష్చ్ అనే బీట్‌రూట్ చారు వచ్చు. చేప మాత్రం కొంటాను. బల్ల మీద అనుకోని అతిథికని ఒక ఖాళీ కంచం పెట్టడం వాళ్ళ ఆచారం. ఈసారి అది నాన్నకి పెడదామా అని అమ్మాయి అడిగింది. వద్దన్నాను. అది తలుపు తట్టే పరాయి మనిషిదని ఆయన ప్రతి ఏడూ గట్టిగా చెప్పేవారు. ఆయన కుర్చీ ఎలాగూ ఉంది.

అమ్మాయి 20న వస్తోంది. ఇంకో రెండు పౌన్ల నీలం గసాలు కొనాలి, బేకింగ్ పేపర్ కూడా అయిపోవచ్చింది. 21 రాత్రి గసాలు వడకట్టి వేలాడదీస్తే 22 పొద్దున్న చుట్టొచ్చు. ఎడమ వైపు తను పట్టుకుంటుంది.