గాలి–ఇంధన నిష్పత్తి గేజ్‌ను సరిచూసుకున్న తీరు: నా అనుభవం

కారును నిలిపిన చోటే నడిపి ఇంజిన్ శక్తిని కొలిచే డైనో యంత్రం మీద మూడో గేరులో ఆక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి, ఇంజిన్ 4500 ఆర్‌పీఎం దాటుతున్నప్పుడు డ్యాష్‌బోర్డు మీది గేజ్ 12.3 చూపింది, అంటే బరువులో ఒక పాలు పెట్రోల్‌కు 12.3 పాళ్ల గాలి. అదే క్షణానికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రాసుకున్న లాగ్‌లో మాత్రం 12.8 ఉంది. సైలెన్సర్ పైపులో ఉన్నది ఒకటే సెన్సర్, దానికి ఉన్నది ఒకటే గేజ్, ఆ గేజ్ నుంచి ఈసీయూకు వెళ్లే తీగ కూడా ఒకటే. అయినా రెండు చోట్ల రెండు అంకెలు వచ్చాయి.

నాది టర్బో లేని 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. పాత ఈసీయూ స్థానంలో మనమే ప్రోగ్రామ్ చేసుకోగల ఈసీయూ పెట్టి, ఫ్యూయల్ మ్యాప్‌ను (ఏ వేగంలో, ఏ లోడ్‌లో ఎంత పెట్రోల్ పోయాలో చెప్పే పట్టికను) మొదటి నుంచి నేనే తయారుచేసుకుంటున్నాను. ఫుల్ లోడ్‌లో 12.8 ఉండాలని నిర్ణయించుకుని, లాగ్‌లోని అంకెలను బట్టి మ్యాప్‌ను దిద్దే పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాను. రెండు వారాల తర్వాత స్పార్క్ ప్లగ్గులు విప్పితే పొడి మసి పట్టి నల్లగా కనిపించాయి. లాగ్ మాట ప్రకారం ఇంజిన్ సరిగ్గా అనుకున్న చోటే నడుస్తోంది, ప్లగ్గుల మాట ప్రకారం పెట్రోల్ ఎక్కువ పడుతోంది. డైనో మీదికి ఎక్కించి గేజ్‌నూ లాగ్‌నూ పక్కపక్కన పెట్టి చూసింది అందుకే. అర పాయింటు చిన్న తేడాలాగే వినిపిస్తుంది కానీ, 12.8 దగ్గర అది దాదాపు 4 శాతం పెట్రోల్‌తో సమానం. అదే తప్పు టర్బో ఇంజిన్‌లో అటువైపుకు జరిగి, నిజంగా లీన్‌గా (పెట్రోల్ తక్కువగా) ఉన్నదాన్ని రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అని చూపించి ఉంటే పిస్టన్లకే ముప్పు వచ్చేది.

వెతకడం మొదలుపెట్టే ముందు ఆ అంకె ఎలా పుడుతుందో ఒకసారి మొదటి నుంచి చదువుకున్నాను. గేజ్ పెట్రోల్‌నూ కొలవదు, గాలినీ కొలవదు. మండగా మిగిలిన వాయువులో ఆక్సిజన్ మిగిలిందా, లేక ఇంకా కావలసి ఉందా అన్నది మాత్రమే సెన్సర్ చెబుతుంది. 1976లో బాష్ కార్లకు అందించిన తొలి ఆక్సిజన్ సెన్సర్ల వంశానికి చెందిన నారోబ్యాండ్ సెన్సర్ రిచ్‌గా ఉంటే సుమారు 0.9 వోల్టులు, లీన్‌గా ఉంటే సుమారు 0.1 వోల్టు ఇస్తుంది. నిష్పత్తి సరిగ్గా ఉన్న చోట (ఉత్త పెట్రోల్‌కు 14.7 దగ్గర) ఒక్కసారిగా అటునుంచి ఇటు దూకుతుంది కాబట్టి, ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది అది చెప్పలేదు. వైడ్‌బ్యాండ్ సెన్సర్‌లో దీనికి తోడు మరో పంపు గది ఉంటుంది. లోపలి చిన్న గదిలో వోల్టేజీ 0.45 దగ్గర నిలిచేలా కంట్రోలర్ ఆక్సిజన్‌ను లోపలికో బయటికో పంపుతూ ఉంటుంది, అందుకు ఎంత కరెంటు పట్టిందన్నదే మన కొలత. సరైన నిష్పత్తి దగ్గర ఆ కరెంటు సున్నా, లీన్ వైపు ఒక దిశలో, రిచ్ వైపు వ్యతిరేక దిశలో ప్రవహిస్తుంది. ఈ సున్నా సంగతి తర్వాత నాకు బాగా పనికొచ్చింది.

అంటే పైపులోని వాయువు, సెన్సర్, కంట్రోలర్, తీగ, చివరికి ఈసీయూలో వోల్టేజీని అంకెగా మార్చే లెక్క, ఇన్ని మెట్లు దాటితే గానీ లాగ్‌లోకి అంకె రాదు. గేజ్‌కూ లాగ్‌కూ తేడా ఉంది కాబట్టి దోషం చివరి రెండు మెట్లలోనే ఉండాలని, అక్కడి నుంచి వెనక్కు వెళ్లాను.

నా గేజ్ 0 నుంచి 5 వోల్టుల సంకేతం పంపుతుంది. 0 అంటే 10, 5 అంటే 20, అంటే ఒక వోల్టుకు రెండు పాయింట్లు. ఈసీయూలో ఈ లెక్క సరిగానే రాసి ఉంది. ఇంజిన్‌ను ఐడిలింగ్‌లో ఉంచి, మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్‌ను సంకేతపు తీగకూ, నల్ల ప్రోబ్‌ను గేజ్ ఎర్త్‌కూ తాకించాను. 2.75 వచ్చింది. గేజ్ మీద 15.5 ఉంది, సరిపోయింది. ఎర్ర ప్రోబ్‌ను కదపకుండా నల్లదాన్ని మాత్రం తీసి ఈసీయూ ఎర్త్ పిన్ మీద పెట్టాను. 3.00 వచ్చింది. తీగలో వోల్టేజీ మారలేదు, దాన్ని ఎక్కడి నుంచి కొలుస్తున్నామన్నది మారింది. గేజ్ ఎర్త్‌ను నేను డ్యాష్‌బోర్డు వెనక బ్లోయర్ మోటారు ఎర్త్ బోల్టుకే బిగించాను. అక్కడ పెయింటు కూడా పూర్తిగా గీకలేదు. సెన్సర్ హీటర్ లాగే కరెంటూ, బ్లోయర్ కరెంటూ ఆ ఒక్క చోటు గుండా పోతుండటంతో గేజ్ ఎర్త్ ఈసీయూ ఎర్త్ కంటే పావు వోల్టు పైకి లేచింది. పావు వోల్టు అంటే అర పాయింటు. బ్లోయర్ ఆపగానే తేడా 0.1 వోల్టుకు తగ్గింది, వేయగానే మళ్లీ పెరిగింది. డైనో మీద ఉన్నంతసేపూ వేడికి బ్లోయర్ వేసుకునే ఉన్నాను.

గేజ్ ఎర్త్‌ను అక్కడి నుంచి తీసి, ఈసీయూ ఎర్త్ ఇంజిన్‌కు కలిసే చోటికే విడిగా తీగ లాగి బిగించాక రెండు అంకెలూ కలిసిపోయాయి. వోల్టేజీని మోసే అనలాగ్ తీగ బదులు క్యాన్ (డిజిటల్ సందేశాలు మోసే తీగలు) ద్వారా అంకెను పంపే గేజ్ ఉన్నవారికి ఈ బాధే ఉండదు. అనలాగ్ తీగ వాడేవారు మాత్రం మిగతా పనులన్నిటికంటే ముందు ఈ ఒక్క కొలత తీసుకోవాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే నేను చూసిన దోషాలన్నిటిలో పెద్దది ఇదే, దొరకడానికి పట్టింది పది నిమిషాలే.

అయితే ఐడిలింగ్‌లో 15.5 అన్నది గేజే చెబుతున్న మాట, ఎర్త్ మార్చినా అది మారలేదు. పాత నారోబ్యాండ్ సెన్సర్‌ను నేను మానిఫోల్డ్‌లోనే (నాలుగు సిలిండర్ల వాయువూ వచ్చి కలిసే భాగంలోనే) ఉంచాను. దాని వోల్టేజీ చూస్తే 0.8 దగ్గర నిలకడగా ఉంది, అంటే అక్కడ మిశ్రమం రిచ్‌గా ఉంది. దానికి రెండు జానల కింద, పైపులో ఉన్న వైడ్‌బ్యాండ్ మాత్రం లీన్ అంటోంది. రెండూ నిజం చెబుతున్నాయనుకుంటే, ఆ రెండు జానల మధ్యలో ఎక్కడో గాలి చొరబడుతూ ఉండాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, వ్యాక్యూమ్ క్లీనర్ గాలి వదిలే వైపు గొట్టాన్ని సైలెన్సర్ చివర గుడ్డతో చుట్టి పెట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లుతూ వచ్చాను. మానిఫోల్డ్‌కూ పైపుకూ మధ్య బోల్టులతో బిగించే ఫ్లాంజ్ దగ్గర, పై నుంచి చూస్తే కనబడని వెనక బోల్టు పక్కన, ఆవగింజంత బుడగలు వరసగా లేచాయి. చెవికి వినిపించేంత లీకు కాదు అది. కానీ సైలెన్సర్‌లో వాయువు ధారగా పోదు, సిలిండర్ తర్వాత సిలిండర్ వదిలే అలలుగా పోతుంది. ఒక్కో అల వెళ్లిన వెంటనే పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గి, ఆ సన్నని సందులోంచి గాలిని లోపలికి పీలుస్తుంది. ఐడిలింగ్‌లో వాయువే తక్కువ కాబట్టి ఆ కొంచెం గాలే అంకెను మార్చేస్తుంది. లోడ్ మీద నడిచేటప్పుడు వాయువు ఎక్కువగా, ఒత్తిడితో పోతుంది కాబట్టి ప్రభావం దాదాపు కనిపించదు. అందుకే ఫుల్ లోడ్ అంకెలను మాత్రమే చూసేవారికి ఈ లీకు ఎప్పటికీ దొరకదు.

గాస్కెట్ మార్చగానే ఐడిలింగ్ 13.6కి దిగింది. లేని లీన్‌ను పోగొట్టడానికి నేను ఇన్నాళ్లూ పోసిన పెట్రోల్ అది. మిస్‌ఫైర్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఒక సిలిండర్ మండకపోతే మండని పెట్రోల్‌తో పాటు వాడని ఆక్సిజన్ కూడా పైపులోకి వస్తుంది, సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి లీన్ అంటుంది. దాన్ని నమ్మి పెట్రోల్ పెంచితే మిస్‌ఫైర్ ఇంకా ముదురుతుంది.

తర్వాత సెన్సర్ వంతు. నాది బాష్ ఎల్‌ఎస్‌యూ 4.2 రకం. పోల్చుకోవడానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇది బయటి గాలి నుంచి తీసుకుంటుంది, 4.9 రకం తనే పంపు చేసి తయారుచేసుకుంటుంది. రెండింటిలోనూ ఫ్యాక్టరీలో సరిచేసిన నిరోధకం ప్లగ్గులోనే ఉంటుంది, తీగలు పొడవు చేయాలని ఆ ప్లగ్గును కోసేస్తే ఆ సెన్సర్ లెక్క పోయినట్టే. నా గేజ్‌కు అప్పుడప్పుడు సెన్సర్‌ను విప్పి, బయటి గాలిలో వేలాడదీసి కాలిబ్రేట్ చేయాలి. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం అన్నది అందరికీ తెలిసిన కొలబద్ద కాబట్టి గేజ్ దాన్ని ఆధారం చేసుకుంటుంది. నేను ఆ పనిని మూసి ఉన్న షెడ్డులో, పెట్రోల్ పైపు విప్పి బిగించిన వాసన ఇంకా పోకముందే చేసేశాను. సెన్సర్ ముఖం ఎర్రగా కాగే వేడి మీద ఉంటుంది, అక్కడికి చేరిన పెట్రోల్ ఆవిరి కొంత ఆక్సిజన్‌ను తిని మండిపోతుంది. మిగిలినదాన్నే గేజ్ 20.9గా రాసుకుంది.

ఇది బయటపడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే. గేరులో ఉండగా ఆక్సిలరేటర్ వదిలేస్తే ఈసీయూ పెట్రోల్‌ను పూర్తిగా ఆపేస్తుంది, ఇంజిన్ ఉత్త గాలిని పీల్చి వదులుతుంది. అప్పుడు గేజ్‌ను ఆక్సిజన్ శాతం చూపే పద్ధతిలో పెడితే 20.9కి కాస్త తక్కువ రావాలి. నాకు 21.6 వచ్చింది. గాలిలో ఉన్నదానికంటే ఎక్కువ ఆక్సిజన్ ఇంజిన్‌లోంచి రావడం అసాధ్యం. ఆరుబయట, గాలి ఆడే చోట మళ్లీ కాలిబ్రేట్ చేశాక 20.6 దగ్గర నిలిచింది.

అయితే ఈ దోషాన్ని ఎర్త్ దోషంతో ఒకే గాటన కట్టకూడదు. ఎర్త్ దోషం కూడిక లాంటిది, ఎక్కడైనా ఒకేలా అర పాయింటు కలుపుతుంది. కాలిబ్రేషన్ దోషం హెచ్చవేత లాంటిది, సరైన నిష్పత్తి దగ్గర పంపు కరెంటు సున్నా కాబట్టి దాన్ని ఎంతతో హెచ్చవేసినా సున్నాయే, అక్కడి నుంచి దూరం పోయేకొద్దీ తప్పు పెరుగుతుంది. నా దాదాపు 5 శాతం దోషం ఫుల్ లోడ్ అంకెను సుమారు 0.1 పాయింటు మాత్రమే కదిపి ఉంటుంది. దీనికోసం ఒక రోజంతా పోయిందన్నది నిజమే కానీ, ఎంత చిన్నదో లెక్క తేలేదాకా వదిలిపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

ఈ దశలోనే గేజ్‌ను లాంబ్డా పద్ధతికి మార్చేశాను. ఉన్న గాలిని పూర్తిగా మండటానికి అవసరమైన గాలితో భాగిస్తే వచ్చేదే లాంబ్డా. ఇథనాల్ కలవని పెట్రోల్‌కు 14.7, పది శాతం ఇథనాల్ కలిసినదానికి సుమారు 14.1, ఉత్త ఇథనాల్‌కు 9 దగ్గర లాంబ్డా 1 అవుతుంది. గేజ్‌కు ట్యాంకులో ఏముందో తెలియదు, తాను కొలిచిన లాంబ్డాను 14.7తో హెచ్చవేసి చూపుతుంది అంతే. నేను 12.8 అనుకుంటున్నది నిజానికి లాంబ్డా 0.87. అలా అనుకుంటే ఏ ఇంధనం పోసినా అర్థం మారదు.

ఆ తర్వాత సరిచూసుకోవడం తేలికైంది. ఈసీయూను నారోబ్యాండ్ ఆధారంగా నడవనిస్తే దాని వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య ఊగుతుంటుంది, ఆ ఊగులాట సగటు లాంబ్డా 1 దగ్గరే ఉంటుంది. వైడ్‌బ్యాండ్ అప్పుడు 0.99కీ 1.01కీ మధ్య ఆడింది. గాలి, లాంబ్డా 1, ఈ రెండు చోట్లా సరిపోయింది కానీ నాకు కావలసింది రిచ్ వైపు, అక్కడ కరెంటుకూ లాంబ్డాకూ ఉన్న వాలు వేరు. అందుకని ఎగ్జాస్ట్ గ్యాస్ ఎనలైజర్ ఉన్న వర్క్‌షాప్‌కు తీసుకెళ్లి, లోడ్ మీద కాసేపు నిలకడగా రిచ్‌గా నడిపించాను. ఆ యంత్రం కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోకార్బన్లు, ఆక్సిజన్ నాలుగింటినీ విడివిడిగా కొలిచి, బ్రెట్‌ష్నైడర్ సూత్రంతో లాంబ్డా లెక్కగడుతుంది, అంటే నా సెన్సర్‌తో సంబంధం లేని మరో దారిలో అదే చోటికి వస్తుంది. అది 0.86 అంది, నా గేజ్ 0.87 అంది. అంతకంటే దగ్గరగా కొత్త సెన్సర్ నుంచి కూడా ఆశించలేం.

మ్యాప్‌ను మొదటి నుంచి మళ్లీ దిద్దాను. నెల తర్వాత ప్లగ్గులు విప్పితే మూడు లేత గోధుమరంగులో ఉన్నాయి, మూడో సిలిండర్‌ది మాత్రం మిగతావాటికంటే తెల్లగా ఉంది. నాలుగు సిలిండర్ల వాయువూ కలిసాక వచ్చే సగటునే సెన్సర్ చూస్తుంది కాబట్టి, గేజ్ ఎంత సరిగా ఉన్నా ఇది దానిలో కనిపించదు. ఇంజెక్టర్లు తీసి ఫ్లో టెస్టుకు ఇస్తే మూడోది మిగతావాటికంటే 6 శాతం తక్కువ పోస్తోందని తేలింది. దాన్ని మార్చాక లాగ్‌లో లాంబ్డా 0.87 నుంచి 0.857కు దిగింది. ఒక్క సిలిండర్‌లో పెరిగిన 6 శాతం నాలుగింటికీ పంచితే వచ్చే ఒకటిన్నర శాతం అదే. మ్యాప్‌లో ఆ ఒకటిన్నర శాతాన్ని తీసేసి, మళ్లీ డైనో ఎక్కించాను.