పున్నమి రాత్రి తెరచాపతో సోనాపూర్ దాకా

మాది ఒడిశాలోని బరంపురం. అమ్మవాళ్లది గోపాల్‌పూర్‌లో తెలుగు మత్స్యకారుల వాడ. ఆ రోజు కార్తీక పున్నమి. తెల్లవారుజామున వాడంతా అరటిదొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలో వదిలాం. సాయంత్రం మావయ్యతో నేనూ ఫైబర్ బోటు ఎక్కాను. వెన్నెల్లో వలని చేపలు పసిగట్టి తప్పుకుంటాయి కాబట్టి గాలాలే తీసుకున్నాం.

రాత్రి 11 దాటాక, ఒడ్డుకి 20 కిలోమీటర్ల దూరంలో ఇంజిన్ ఆగిపోయింది. విప్పి బిగించినా లాభం లేదు. ఫోన్లకి సిగ్నల్ లేదు. టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి. మావయ్య మాత్రం మాట్లాడకుండా పాత తెరచాప తీసి వెదురు గడకి కట్టాడు.

ఒడ్డు వాయవ్యాన, గాలి ఈశాన్యం నుంచి. లైట్‌హౌస్ వెలుగు ఎదురుగానే కనిపిస్తోంది, దాన్ని పట్టుకుని పోదామన్నాను.

"దీపం ఒక్కటే చాలదురా, ధ్రువుణ్ణి కూడా చూసుకో" అన్నాడు.

ధ్రువుడికి దారి చూపే సప్తర్షులు ఇంకా పొడవలేదు. వెన్నెలకి చిన్న చుక్కలేవీ కనబడట్లేదు. ఆయన చెయ్యి చాచి నీటి అంచు మీద ఒక పిడికిలి, దాని మీద ఇంకో పిడికిలి ఆనించి చూపించాడు. ఆ పైనే ఉంది చుక్క! మన దగ్గర అక్షాంశం 19 డిగ్రీలు, ధ్రువుడి ఎత్తూ అంతే. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు. ఈ లెక్క నేను తర్వాత తెలుసుకున్నాను, ఆయనకి చెయ్యే లెక్క.

రెండు దాటాక చంద్రుడు పడమటికి వాలి చాప వెనక్కి వెళ్లాడు. అత్తయ్య వేసిన కుట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత వెలుగు ఆ గుడ్డలోంచి దిగింది. చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాను.

చుక్క నా కుడి భుజానికి కాస్త ముందు అక్కడే ఉంది. లైట్‌హౌస్ మాత్రం అంతకంతకూ కుడికి జరుగుతోంది. పడవ ముక్కు తిరగలేదు, పడవే దక్షిణానికి కొట్టుకుపోతోంది. కార్తీక మాసంలో మన తీరం వెంట నీళ్లు నైరుతికి పారతాయి. భయమేసి గోపాల్‌పూర్ వైపు మళ్లించమన్నాను.

"గాలికి ఎదురెళ్తే చాప నిలవదు. దక్షిణాన సోనాపూర్ పోదాం, అక్కడా మనవాళ్లే."

తెల్లవారబోతుంటే చంద్రుడు ఒడ్డు మీదికి దిగాడు. నీళ్ల తళతళలో ఊరి దీపాలు కలిసిపోయాయి. కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయో తెలియలేదు. సముద్రం వైపు నుంచి చూస్తే వాటి వీపులే కనిపిస్తాయి, ఏమీ లేనట్టు నున్నగా. హోరు మాత్రం వినిపిస్తోంది. ఒడ్డెక్కేయాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. మావయ్య లంగరు వేసేశాడు. సూర్యుడు పొడిచేదాకా కదల్లేదు. మేం బతికింది ఆ గంట ఆగడం వల్లేనని నా నమ్మకం.

సోనాపూర్ ఇసుకలో కాలు పెట్టేసరికి అరటిదొప్ప ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చి ఉంది. ఎవరు వదిలిందో ఏమో. మధ్యలో నల్లబడిన వత్తి ఇంకా అతుక్కునే ఉంది. మావయ్య వంగి దాన్ని తీసి మళ్లీ నీళ్లలో పెట్టాడు.