మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూ, రాత విభాగం, ఒక పనికిమాలిన షీట్ (నా అనుభవం)

సీటు వచ్చింది. ఆ సంతోషంలో అందరినీ క్షమించేసేలోపే ఇది రాసేయాలని కూర్చున్నాను.

అమెరికాలో మెడిసిన్‌కి అప్లై చేసేవాళ్లకి మామూలు దారి తెలిసిందే. ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష, చాలా కాలేజీలకి ఒకేచోట నుంచి పంపే అమ్‌కాస్ అప్లికేషన్, 5,300 క్యారెక్టర్లలో పర్సనల్ స్టేట్‌మెంట్, కాలేజీలు పంపే సెకండరీ వ్యాసాలు, ఆ తర్వాత అదృష్టం బాగుంటే ఇంటర్వ్యూ పిలుపు. వీటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. డబ్బు పోతుంది, నిద్ర పోతుంది, అంతే.

నాకు వచ్చిన పిలుపుల్లో ఒకదానిలో మాత్రం ఎక్కడో కింద, పార్కింగ్ వివరాల తర్వాత, "ఆ రోజు రాత విభాగం కూడా ఉంటుంది" అని ఒక్క వాక్యం ఉంది. నమూనా ప్రశ్న లేదు, ఎంతసేపో లేదు. ఒకప్పుడు ఎంక్యాట్‌లోనే అరగంట చొప్పున రెండు వ్యాసాలు రాయించేవారట, 2013లో తీసేశారు. ఇప్పుడు రాత చూడాలనుకునే కాలేజీలు ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకుంటున్నాయి. కొన్నిచోట్ల అది ఎంఎంఐలో ఒక స్టేషన్. ఎంఎంఐ అంటే కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో 2000ల మొదట్లో పుట్టిన పద్ధతి. ఒకరి ముందే చాలాసేపు కూర్చోబెట్టకుండా, గది గదికీ తిప్పుతూ ఒక్కో చోట కొన్ని నిమిషాలు మాట్లాడిస్తారు. ఆ గదుల్లో ఒకదాంట్లో మనిషి ఉండడు, కాగితమో ల్యాప్‌టాపో ఉంటుంది. ఇంకొన్నిచోట్ల రాతని విడిగా పెడతారు.

మాట్లాడే స్టేషన్లకి ఫ్రెండ్స్‌తో ప్రాక్టీస్ చేశాను. అది సాఫీగానే జరిగిపోయింది. రాతకి ఎవర్ని అడగాలో తెలియక మా కాలేజీలో మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లకి సలహాలిచ్చే ప్రీ-హెల్త్ అడ్వైజింగ్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి మేడమ్ డ్రాయర్‌లోంచి ఒక షీట్ తీసి ఇచ్చారు. ఏళ్ల తరబడి జిరాక్సులు తీసీ తీసీ అక్షరాలు అలుక్కుపోయాయి. దాని మీద వైద్య నీతికి నాలుగు సూత్రాలు ఉన్నాయి: పేషెంట్ స్వయం నిర్ణయ హక్కు, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం. బోచాంప్, చిల్డ్రెస్ అనే ఇద్దరు 1979లో చెప్పినవి, మెడిసిన్ వైపు వచ్చేవాళ్లందరికీ కంఠతా వచ్చినవి. కింద పెద్ద అక్షరాలతో "ఒక్కో సూత్రానికి ఒక్కో పేరా. ఏ ప్రశ్న వచ్చినా ఇదే పద్ధతి" అని ఉంది. "ఇది ఫాలో అయితే చాలు, టెన్షన్ పడకు" అన్నారు మేడమ్. పడలేదు.

తర్వాత వాళ్లే మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. అడ్మిషన్ కమిటీలో పనిచేసి రిటైరైన ఒక డాక్టరుగారిని పిలిచారు. రాతకి ఇచ్చిన ప్రశ్న ఇది: మీరు క్లినిక్‌లో జూనియర్ డాక్టర్. ఒకావిడ బయాప్సీ శాంపిల్‌కి వేరేవాళ్ల లేబుల్ అంటించారు. ఆవిడ మళ్లీ బయాప్సీకి రావాలి. ఆవిడకి ఉత్తరం రాయండి. టైమ్ 25 నిమిషాలు.

షీట్ ఏం చెప్పిందో అదే చేశాను. నాలుగు సూత్రాలు, నాలుగు పేరాలు. టైమ్ కూడా మిగిలింది.

డాక్టరుగారు కాగితాలన్నీ తిరగేసి, నాది తీసి, పేరు చెప్పకుండా పైకి చదవడం మొదలుపెట్టారు. "ప్రియమైన పేషెంట్ గారికి, మీ స్వయం నిర్ణయ హక్కును మేము గౌరవిస్తున్నాము. కీడు చేయకపోవడం అనే సూత్రానికి మేము కట్టుబడి ఉన్నాము..." రెండో వాక్యానికే ఎవరో కిసుక్కుమన్నారు. మూడో పేరాకి వచ్చేసరికి గది మొత్తం నవ్వుతోంది. పేరు చెప్పకపోతేనేం, నా మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పక్కనే కూర్చున్న అడ్వైజింగ్ మేడమ్ కూడా నవ్వుతున్నారు! షీట్ ఇచ్చింది ఆవిడే, "ఏ ప్రశ్న వచ్చినా" అని ఉన్నది అందులోనే. నవ్వుతున్నది నన్ను చూసి.

ఆయన చదవడం ఆపి ఒకటే అడిగారు. "ఈ ఉత్తరం అందిన మనిషి రేపు పొద్దున ఏం చేయాలి? ఎవరికి ఫోన్ చేయాలి? మళ్లీ బయాప్సీకి డబ్బు కట్టాలా?" ఎవరూ మాట్లాడలేదు. ప్రశ్న మంచిదే, ఒప్పుకుంటాను. దాన్ని అడగడానికి ఒక మనిషిని అలా నిలబెట్టాలా అన్నది మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు. పేషెంట్ల మర్యాద గురించి క్లాసు చెప్పేవాళ్లకి స్టూడెంట్ల మర్యాద ఎందుకు గుర్తుండదో!

అయిపోయాక మేడమ్ దగ్గరికెళ్లి, మీ షీట్ ప్రకారమే రాశాను కదా అన్నాను. "అది ఫ్రేమ్‌వర్క్ మాత్రమే" అని, కాస్త గొంతు తగ్గించి, "ఇంగ్లీష్ మీ మాతృభాష కాదు కదా, రైటింగ్ సెంటర్‌కి వెళ్తే బాగుంటుందేమో" అన్నారు. ఎంక్యాట్‌లో చదివి అర్థం చేసుకునే విభాగం, కార్స్, అందరూ భయపడే భాగం. అందులో నాకు 132కి 130. ఆ కాగితం బ్యాగులోనే ఉంది. తీసి చూపించలేదు గానీ, ఇక్కడైనా చెప్పుకోనివ్వండి.

ఆ రాత్రి ఒక కన్సల్టెంట్ కంపెనీ వాళ్ల "రాత ప్యాకేజీ" కూడా చూశాను. అందులోనూ అవే నాలుగు పేరాలు, కాకపోతే రంగుల్లో. మూసేశాను.

అసలు దారి చూపించింది నేను వాలంటీర్‌గా వెళ్లే ఆసుపత్రిలో పేషెంట్ రిలేషన్స్ ఆవిడ. ఫిర్యాదులన్నీ ఆవిడ టేబుల్ మీదికే వస్తాయి. ఉత్తరాల్లో జనానికి దేనికి ఒళ్లు మండుతుందని అడిగాను. ఆవిడ ఆలోచించకుండానే చెప్పింది: ఏం జరిగిందో సూటిగా చెప్పరు, సారీ చెప్పరు, ఇప్పుడు నా సంగతేంటో చెప్పరు, ఇంకొకరికి ఇలా జరక్కుండా ఏం చేస్తున్నారో చెప్పరు. ఈ నాలుగూ చెప్తే సగం మంది లాయర్ దాకా వెళ్లరని ఆవిడ నమ్మకం.

తర్వాత నేనూ చదివాను. వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల అమెరికా ఆసుపత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని 1999లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అంచనా వేసింది. క్షమాపణ చెప్తే కోర్టులో మెడకు చుట్టుకుంటుందని డాక్టర్లు నోరు విప్పేవారు కాదు. 1986లో మసాచుసెట్స్ మొదలుపెడితే, తర్వాత చాలా రాష్ట్రాలు సానుభూతి మాటల్ని తప్పుకి సాక్ష్యంగా వాడకూడదని చట్టాలు చేశాయి. అయితే అనేక చోట్ల ఆ రక్షణ "బాధగా ఉంది" వరకే, "తప్పు మాదే"కి కాదు. మిషిగన్ యూనివర్సిటీ ఆసుపత్రి 2001 నుంచి పొరపాటును ముందే చెప్పేసి, క్షమాపణ, పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. పరీక్షలో ఇవేవీ అడగరు. కానీ ఇవి తెలిశాక రాసిన ఉత్తరం వేరేగా ఉంటుంది. "మీ శాంపిల్ మీద మేం తప్పు లేబుల్ అంటించాం" అని మొదటి లైన్లోనే రాయడానికి ధైర్యం వస్తుంది.

అదే ప్రశ్నకి మళ్లీ రాశాను. ఆవిడకి పేరు పెట్టాను. రెండో లైన్లో సారీ. తర్వాత ఎప్పుడు రావాలి, ఎవరు ఫోన్ చేస్తారు, ఖర్చు ఆవిడ మీద పడకుండా నేను ఎవరితో మాట్లాడుతున్నాను. నాలుగు సూత్రాల పేర్లు ఒక్కటీ లేవు. పేషెంట్ రిలేషన్స్ ఆవిడ చదివి, "ఇది నా ఫైల్లో పెట్టుకోనా?" అంది. ఆ మాట నాకు కార్స్ స్కోరు కంటే ఎక్కువ.

మిగతా రకం ప్రశ్నలకి తయారీ పెద్ద కష్టం కాదు. వ్యాసం ఇచ్చి సారాంశం రాయమంటారు, లేదా నీ అనుభవం ఒకటి రాయమంటారు, లేదా ధర్మసంకటం ఇస్తారు. ధర్మసంకటంలో "ఇటు చూస్తే ఇది, అటు చూస్తే అది" అని చివరిదాకా ఊగవద్దు. ఉదాహరణకి మూర్ఛ వచ్చిన పేషెంట్ కారు నడుపుతానంటున్నాడు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో డాక్టరే రిపోర్ట్ చేయాలి, చాలా రాష్ట్రాల్లో ఆ నిబంధన లేదు. మీరున్న చోట చట్టం తెలియకపోతే, కనుక్కుంటానని రాయండి. ముందు అతనితో మాట్లాడతానా, అతను వినకపోతే ఏం చేస్తాను, ఎందుకు, అన్నది మాత్రం తేల్చి రాయాలి. స్పెల్‌చెక్ ఆపేసి, టైమర్ పెట్టుకుని టైప్ చేయండి. అక్కడ ఎర్ర గీత వస్తుందని నమ్మకం లేదు. మొదటి ఐదు నిమిషాలు కీబోర్డు ముట్టుకోకండి. పక్కవాళ్లు టకటకా కొడుతుంటే భయమేస్తుంది, కొట్టనివ్వండి.

అసలు రోజు ఏం ప్రశ్న వచ్చిందో చెప్పనని సంతకం చేశాను కాబట్టి చెప్పను. బయటికి వచ్చేటప్పుడు మాత్రం కాళ్లు వణకలేదు.

పోయిన వారం అడ్వైజింగ్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. జూనియర్లకి రాత విభాగం గురించి మాట్లాడాలట, "మా విజయగాథ"గా. ముందు ఆ షీట్ పంచడం ఆపితే వస్తానని జవాబిచ్చాను. ఇంకా ఉలుకూ పలుకూ లేదు.